పిక్క కొలత

టైలరమ్మ ఆస్పత్రిలో టోకెను తీసుకుని వరసలో కూర్చుంది. ఇరవై ఏడో నంబరు. షాపులో మిషను మీద బట్ట అలాగే వదిలేసి వచ్చింది. మెడలో టేపు తీయడం కూడా మరిచిపోయింది.

భర్తకి హెర్నియా ఆపరేషన్ అయి ఎనిమిది రోజులు. ఇంట్లో ఉండమంటే వినకుండా అప్పుడే పనిలోకి వెళ్ళిపోయాడు. పొద్దంతా కుర్చీలో కూర్చునే పని. కుట్లు మానుతున్నాయి. జ్వరం లేదు. ఆకలి బాగానే ఉంది. కుడికాలి పిక్క మాత్రం ఆమెకి నచ్చలేదు.

అక్కడి డాక్టరు గురించి ముందే చెప్పాలి. ఆయనకి చెవులున్నది స్టెతస్కోపు తగిలించుకోవడానికే. వచ్చినవాళ్ళు ఎక్కడ నొప్పో చెప్పడం మొదలుపెట్టేసరికే సగం చీటీ రాసేసేవాడు. ఆపరేషన్ తరవాత ఎవరు ఏ బాధ చెప్పుకున్నా ఒకటే జవాబు: "ఆపరేషన్ అన్నాక కాస్త ఉంటుందమ్మా." మగవాళ్ళకైతే చివర 'అమ్మా' ఉండేది కాదు. తేడా అంతే.

ఇరవై ఏడు పిలిచారు.

"కాలు వాచింది డాక్టరుగారూ," అంది కూర్చోకుండానే.

"ఎవరి కాలు?" అన్నాడాయన, ఏమీ తెలియనట్టు.

"మా ఆయనది."

పక్కనున్న నర్సు నవ్వాపుకోవడానికి కిటికీ వైపు తిరిగింది.

"పేషెంటు ఏమంటున్నాడు?"

"ఏమీ లేదంటున్నారు."

"మరింకేం? ఆయనకి లేని నొప్పి నీకెందుకు?"

"ఆయన అలాగే అంటారు. పొద్దున చెప్పులు వేసుకోవడానికి గోడ పట్టుకున్నారు. నేను చూశానని తెలియగానే గోడ మీద మరకేదో తుడుస్తున్నట్టు నటించారు."

నర్సు కిటికీ దగ్గరే ఉండిపోయింది.

టైలరమ్మ మెడలోంచి టేపు తీసి బల్ల మీద పెట్టింది. "ఎడమ పిక్క పద్నాలుగు అంగుళాలు. కుడిది పదిహేనుంపావు. మొన్నటిదాకా రెండూ పద్నాలుగే."

"టేపున్నది జాకెట్లకమ్మా, జబ్బులకి కాదు. డాక్టరు నువ్వా, నేనా?"

"మీరే. అందుకే టోకెను తీసుకుని వచ్చాను. ఒక్కసారి లేచి చూడండి."

ఆయన లేవలేదు. పెద్ద డాక్టర్లు ఊరికే లేవరు.

"ఆ కాలు సంగతి నాకు తెలీదా? ఆపరేషన్ అన్నాక కాస్త ఉంటుందమ్మా. నెక్స్ట్!"

మర్నాడు ఆమె మళ్ళీ వచ్చింది. ఈసారి పదకొండో నంబరు.

"పదిహేనుముప్పావు," అంది.

"టేపు సాగిందేమో."

"నా టేపు సాగితే వీధిలో ఆడవాళ్ళు ఈపాటికి నా షాపు పీకి పందిరేసేవాళ్ళు. కొలతలకొచ్చిన ప్రతి మనిషీ సన్నబడ్డాననే చెప్తుంది డాక్టరుగారూ. నేను మనిషి మాట రాసుకోను. టేపు మాటే రాసుకుంటాను."

జవాబు దొరకనప్పుడు గొంతు పెంచడం ఆయన నేర్చిన విద్యల్లో ఒకటి. పెంచాడు. ఇన్నేళ్ళ అనుభవం అన్నాడు. అనవసరంగా కంగారుపడి పక్కవాళ్ళని కంగారుపెట్టే మనుషుల గురించి ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాడు. వరండాలో ఉన్నవాళ్ళంతా విన్నారు. టైలరమ్మ టేపు చుట్టుకుని, తల దించుకుని బయటికి నడిచింది.

మూడో రోజు పొద్దున భర్త ఆస్పత్రి మెట్లెక్కుతూ ఐదో మెట్టు దగ్గర ఆగిపోయాడు. ఫోనులో ఏదో చూస్తున్నట్టు నిలబడ్డాడు. ఫోను తలకిందులుగా ఉంది.

ఆమె టోకెను తీసుకోలేదు. తిన్నగా హెడ్ నర్సు దగ్గరికి వెళ్ళింది. మెడలోంచి టేపు తీసి ఆవిడ బల్ల మీద పెట్టింది.

"కొలతెంత?" అంది హెడ్ నర్సు.

"పదహారు."

"ఆయాసముందా?"

"ఐదు మెట్లకే."

హెడ్ నర్సు నవ్వలేదు. "డాక్టరుగారికి చెప్పారా?"

"రెండుసార్లు."

"అయితే ఇక ఆయన్ని అడగక్కర్లేదు," అని చక్రాల కుర్చీ తెప్పించింది.

అరగంటలో భర్త స్కాను బల్ల మీద ఉన్నాడు. మోకాలి వెనక నుంచి తొడ దాకా నరంలో రక్తం గడ్డ కట్టింది. అనుమానమొచ్చి ఛాతీకి కూడా తీశారు. చిన్న ముక్క ఒకటి అప్పటికే ఊపిరితిత్తుల్లోకి చేరిపోయింది.

"కింద ఉన్న పెద్దది కదిలుంటే, ఇక్కడ మాకు పనుండేది కాదు," అన్నాడు స్కాను తీసినాయన.

డాక్టరు ఆ తెర వైపు చూశాడు. 'కాస్త' అన్న మాట ఆయన నోటికి రాలేదు.

పది రోజులు ఆస్పత్రిలో ఉంచారు. పొట్టకి పూటపూటా రక్తం పలచబరిచే ఇంజెక్షన్లు. టైలరమ్మ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని బొత్తాలు కుట్టుకుంది. ఎవరినీ పల్లెత్తు మాటనలేదు. అని ఉంటే బాగుండేది. తిట్టు పడితే సర్దుకోవచ్చు, ఊరుకుంటేనే కష్టం. రోజూ పొద్దునా సాయంత్రం మాత్రం కొలిచేది. పదిహేనున్నర. పదిహేను. పద్నాలుగున్నర.

పద్నాలుగుంపావు వచ్చిన రోజు బాత్రూంలోకి వెళ్ళి, కుళాయి తిప్పి ఏడ్చింది. కుళాయిలో నీళ్ళు సన్నగా వస్తున్నాయి. ఏడుపు బయటికి వినబడుతూనే ఉంది.

మొత్తానికి భర్త బతికాడు. డాక్టరూ బతికిపోయాడు.

ఇంటికి పంపే రోజు హెడ్ నర్సు ఒక కాగితం ఇస్తే, మా ఆవిడ చూస్తుండగా, 'రోగి వృత్తి' అన్న గడిలో 'డాక్టరు' అని రాసి, కింద రోగి సంతకం నేనే పెట్టాను.