వాసన పట్టే తుపాకీ

మన్యంలో ఇప్పుడు ప్రతి చేనుకీ సర్కారు తుపాకీ ఉంది. పట్టుకున్న చెయ్యిని అది వాసన చూస్తుంది. మత్తు సరుకు తగిలిందా, బిగుసుకుపోయి స్టేషనుకి తనే కబురు పెడుతుంది. లైసెన్సు పోతుంది. పందుల్ని కాల్చుకునే హక్కూ పోతుంది. చట్టం రాసినవాడికి చేను లేదు కదా!

ఆ సాయంత్రం అడవిపందులు చోడిచేలో రాగి కంకుల మీద పడ్డాయి. వంతల చిలకమ్మ తుపాకీ ఎత్తింది.

"మత్తు వాసన," అని తుపాకీ బిగుసుకుపోయింది.

కాసేపటికే కానిస్టేబుల్ భూషణం బండి మీద దిగాడు. "గంజాయి ఎక్కడ దాచినావే?"

"దాచడానికేటుంది బాబూ? మాయమ్మ మోకాళ్లకి గంజాయాకు కాచిన నూనె రాసినాను. ఈ తుపాకీకీ మోకాళ్లుంటే తెలిసేది."

"కబుర్లాపు. తుపాకీ ఇలా తే." భూషణం లాక్కున్నాడు.

"మత్తు వాసన," అంది తుపాకీ మళ్లీ. "భూషణం మీద కబురు పంపాను."

అతను తన చెయ్యి వాసన చూసుకున్నాడు. "పొద్దున్న పట్టిన సరుకు తగలెట్టాం. ఆ పొగే అంటుకుంది."

"అయితే నీ తుపాకీ కూడా లాగేస్తారేటి?" చిలకమ్మ నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

చేలో పందులు కరకరా నములుతున్నాయి. చిలకమ్మ రెండు రేకు డబ్బాలు తెచ్చి, ఒకటి అతని చేతిలో పెట్టింది.

"కొట్టు బాబూ. దీనికి ముక్కు లేదు."