వెనక వచ్చినాయన

పూల్ అంచు పట్టుకుని సంతోషి వెనక్కి తిరిగి చూసింది.

నీళ్లలో ఇంకా ఒక్క తల మిగిలి ఉంది.

హమ్మయ్య అనుకుంది. తన వెనక ఒకరున్నారు.

ఎయిర్‌పోర్టు కార్గోలో పార్సిళ్ల తూకం చూసే ఉద్యోగం ఆమెది. ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. శంషాబాద్‌లో కొత్తవాళ్లకు ట్రయథ్లాన్ పెడుతున్నారని తెలిసి పేరిచ్చింది. నాలుగు వందల మీటర్ల ఈత, ఇరవై కిలోమీటర్ల సైకిల్, ఐదు కిలోమీటర్ల పరుగు. ఒకదాని వెంట ఒకటి, ఆగకుండా.

“నువ్వా? ఆఖరుకొస్తవ్ చూడు,” అని ఆఫీసులో గోవర్ధన్ నవ్వాడు. “మీ నాయన గూడ వస్తడంట గద. ఆయన ముంగట ఇజ్జత్ పోతది.”

ఆ మాట ముల్లులా దిగింది. గెలవాలన్న ఆశ ఆమెకు లేదు. ఆఖరున రాకూడదు, అంతే. తండ్రి మొగులయ్య తలకు కొత్త రుమాలు చుట్టుకుని, తెల్లారేసరికే వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు మరి.

చిన్నప్పుడు నడుముకు సొరబుర్ర కట్టుకుని పొలం బావిలో నేర్చుకున్న ఈత ఆమెది. బావిలో గుండ్రంగా తిరగడమే గానీ తిన్నగా పోయే అలవాటు లేదు. పూల్‌లో నాలుగుసార్లు పక్క తాడును గుద్దుకుంది. ఆమె బయటికి వచ్చేసరికి అందరూ సైకిళ్లెక్కి వెళ్లిపోయారు.

ఆ ఒక్క తల తప్ప.

ఆయనకు యాభై దాటి ఉంటాయి. బక్కపలచటి మనిషి. పాత సైకిలు. సర్వీస్ రోడ్డు మీద రావిర్యాల వైపు ఆమె తొక్కుతుంటే, ఇరవై గజాల వెనక ఆయన సైకిలు కిర్రుకిర్రుమంటూనే ఉంది.

సగం దారిలో ఆమె చైను ఊడింది.

దాటిపోతాడు, ఇక అయిపోయిందనుకుంది. ఆయనా దిగాడు.

“మీరెందుకు ఆగిండ్రు కాకా?”

“జర దమ్ము తీసుకుంట బిడ్డా. పానం ఆగమైతుంది.”

పాపం అనుకుంది. గ్రీజు చేతులతోనే చెమట తుడుచుకుని, చైను ఎక్కించి, ఆయనకంటే ముందే కదిలింది. పైన విమానం ఒకటి చక్రాలు కనబడేంత కిందికి దిగి పోయింది. రోజూ చూసే విమానమే. ఇవాళ దానితో పందెం వేసుకున్నట్టు తొక్కింది.

పరుగులో మూడో కిలోమీటరు దగ్గర పక్కటెముకల కింద పట్టేసింది. కల్వర్టు గోడ కనబడింది. కూలబడింది.

చెప్పుల్లా టపటపమనే బూట్ల చప్పుడు దగ్గరికొచ్చింది.

“ఏంది బిడ్డా, కూసున్నవ్?”

“నాతోని కాదు కాకా. ఇగ చాలు.”

“మంచిది. అయితే నేను ముందుకు పోత. ఆఖరు నువ్వే ఇగ.”

ఆయన నిజంగానే నాలుగడుగులు ముందుకు వేశాడు.

సంతోషి దిగ్గున లేచింది. “పోనిస్తనా నిన్ను!”

“నీ ముక్కుకు గ్రీజున్నది. గట్లనే ఫొటో దిగుతవా ఏంది?”

“ఉండనీ. నువ్వైతే నా వెనకనే ఉండు!”

పక్క పట్టుకుని ఉరికింది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ టపటప చప్పుడు ఎక్కడ తనను దాటుతుందోనని ఒక్కసారి కూడా ఆగలేదు.

గీత దాటుతుంటే మొగులయ్య రుమాలు విప్పి గాలిలో తిప్పాడు.

“నా బిడ్డ! నా బిడ్డనే!” అని పక్కనున్న వాళ్లకందరికీ చెప్పాడు.

“బాపూ, ఆఖరుకు రాలే! నా వెనక ఇంకొకాయన ఉన్నడు!”

పది అడుగుల వెనక ఆయన వచ్చాడు. సంతోషి మెడలో పతకం వేసిన వాళ్లు ఆయనకు వెయ్యలేదు. ఆమెకు మనసు చివుక్కుమంది. తనకిచ్చిన అరటిపండు తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టింది.

“ఫికర్ చెయ్యకు కాకా. జర ప్రాక్టీస్ చెయ్యి. వచ్చే యేడు నువ్వు గూడ ముందుకొస్తవ్.”

మోకాళ్ల మీద చేతులు ఆనించి ఆయాసపడుతూనే ఆయన తలెత్తాడు.

“గట్లనే బిడ్డా. నువ్వైతే మంచిగ ఉరికినవ్.”

అరటిపండు తింటూ, ఒంటి చేత్తో సైకిలు నడిపించుకుంటూ గేటు దాటి వెళ్లిపోయాడు.

గంట తర్వాత సర్టిఫికెట్లు ఇచ్చారు. పోటీ నడిపించిన ప్రేమలత ఆమె చేతిలో కాగితం పెట్టింది.

మొత్తం అరవై రెండు మంది. సంతోషి స్థానం అరవై రెండు.

“అక్కా, తప్పు పడ్డది. నా వెనక ఒకాయన వచ్చిండు గద?”

“ఆయనకు నంబరు లేదు చెల్లే. పోటీల లేడు.”

సంతోషి కాగితాన్ని మళ్లీ చూసుకుంది.

“ఏం రాసిండ్రు బిడ్డా?” చదువు రాని మొగులయ్య ఆత్రంగా కాగితంలోకి వంగాడు.

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. “ఆఖరుకు వచ్చిన అని రాసిండ్రు బాపూ.”

మొగులయ్య ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

“అయితేంది? ఈదినవ్, తొక్కినవ్, ఉరికినవ్. మన ఇంట్ల ఎవలన్న చేసిండ్రా గిది? ఇటియ్యి, నలగనియ్యకు. పోయేటప్పుడు పటం కట్టిపిస్త.”

కాగితాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు, పసిపిల్లను ఎత్తుకున్నట్టు. సంతోషి వీపు తనంతట తానే నిటారుగా అయింది.

“మరి ఆయన ఎవలక్కా? పోటీల లేకుంటే నా వెనక ఎందుకొచ్చిండు?”

“మల్లేశ్వర్ అన్న. మా అందరికి నేర్పింది ఆయననే,” అంది ప్రేమలత. “ఆఖరు మనిషి దారిల ఒంటరి కావద్దని ప్రతిసారి వెనకనే వస్తడు.”

సంతోషి గేటు వైపు చూసింది. రోడ్డు ఖాళీగా ఉంది.

“అక్కా... నేను ఆయనను ప్రాక్టీస్ చెయ్యమన్న.”

ప్రేమలత నవ్వలేదు.

“తాను చేసి చూడకుండ కొత్తోళ్లను దింపడు చెల్లే, మీరెవ్వరు రాకముందే చీకట్ల ఒక్కడే మొత్తం ఈది, తొక్కి, ఉరికిండు, నీ వెనక వచ్చి చేసింది ఇయ్యాల రెండోసారి.”