చేదు తిత్తి

గొర్రెను కోస్తే ముందు చేదు తిత్తిని పగలకుండా తీయాలి. పగిలిందా, కూరంతా పాడు.

దొడ్డిలో తలదాచుకున్న కొత్త మనిషి ఎడమచేత్తో దాన్ని చిటికెలో తీసి అవతల పెట్టాడు.

"ఏం చెయ్యి నీది అన్నా! మా ఆయన కోస్తే పగలాల్సిందే" అంది జానమ్మ.

గోపయ్యకు ఒళ్లు మండింది. దళం మనిషి, మిలిటరీ వెతుకుతోందని జాలిపడి జాగా ఇస్తే, పెళ్లాం నోట ఎప్పుడూ వాడి మాటే!

పైగా కుడి డొక్కలో మళ్లీ నొప్పి. నిరుడు పట్నం దవాఖానలో రాళ్లున్నాయని గోపయ్య తిత్తినే కోసి తీసేశారు. ముఖాలకు బట్టలు కట్టుకుని మత్తిచ్చారు. కోసిందెవరో తెలియదు. ఊళ్లో మాత్రం మందు మింగి వచ్చానన్నాడు. నవ్వుతారని అంగీ విప్పడు. ఆ సంగతి జానమ్మకొక్కదానికే ఎరుక.

మధ్యాహ్నం డొక్క పట్టుకుని కూర్చుంటే కొత్త మనిషి దగ్గరికొచ్చాడు.

"ఫికర్ చెయ్యకు గోపన్నా. తిత్తి తీసినంక లోపలి గొట్టం జర వెడల్పయి, దాని పని గూడ అదే చేస్తది. కండ్లు పచ్చబడలే గద, భయం లేదు."

గోపయ్య నిలువునా మండిపోయాడు. విసవిసా జానమ్మ దగ్గరికి నడిచాడు.

"నా కడుపు సంగతి వానికి చెప్పినవా?"

"నీ మీదొట్టు, చెప్పలే."

ఒట్టు వేసేసరికి అనుమానం రెట్టింపయింది. ఇంత చెప్పిన మనిషి ఇంకేమేం చెప్పిందో!

"ఇప్పుడే పో" అన్నాడు కొత్త మనిషి దగ్గరికి వచ్చి.

"పొద్దు గూకనీ అన్నా. కేతేపల్లి తొవ్వల మిలిటరీ ఉన్నది."

"పోతవా, వాళ్లనే పిలువమంటవా?"

అతను గొంగడి కప్పుకుని వెళ్లిపోయాడు.

గుట్ట దాటకముందే తుపాకులు మోగాయి.

ఆ రోజు జానమ్మ అన్నం ముట్టలేదు. దానికీ కుళ్లుకున్నాడు గోపయ్య.

నొప్పి తగ్గక మళ్లీ పట్నం దవాఖానకు పోయాడు. ముసలి డాక్టరు పొట్ట నొక్కి చూశాడు.

"భయం లేదు. తిత్తి పని గొట్టం నేర్చుకుంటాంది, గంతే."

తర్వాత మచ్చ మీద వేలు పెట్టి ఆగాడు.

"గీ కుట్లు ఎడమచేతివి. మా దగ్గర ఎడమచేత్తో కోసే డాక్టరు ఒక్కడే ఉండె. నీకు కుట్లేసిన తెల్లారే నౌకరీ ఇడిసి దళంల కలిసిండు. యాడున్నడో పాపం."

గోపయ్య మెల్లగా అంగీ దించుకున్నాడు. తన కడుపు సంగతి ఆ మనిషికి జానమ్మ చెప్పాల్సిన పనే లేదు.