మచ్చల చెవుల ఏనుగు

"గుసగుసలు ఆపితేనే పేజీ తిప్పుతాను," అంది టీచరమ్మ, బొమ్మల పుస్తకాన్ని గుండెకి ఆనించుకుని.

గది సద్దుమణిగింది. బుల్లి కుర్చీలు మాత్రం కిర్రుకిర్రుమంటూనే ఉన్నాయి. గోడల నిండా రంగుకాగితాల చేపలు, పిట్టలు. కిటికీలోంచి ఆటస్థలం గోల లోపలికొస్తోంది. కూర్చున్నవాళ్ళలో సగం మంది చూపు అటే ఉంది, ఎప్పుడు వదిలిపెడతారా అని.

టీచరమ్మ తొణకలేదు. ఏళ్ళ తరబడి ఈ గదిలో ఏడుపులూ అలకలూ చూసి రాటుదేలిన మనిషి. పొద్దున పెద్ద మేడమ్ పిలిచి మాట్లాడినప్పుడూ అంతే.

"కొత్తమ్మాయి సంగతి ఇవాళ తేలిపోవాలి. పక్కన వద్దంటే వద్దని అందరిదీ ఒకటే పట్టు. ఇంతమందిని కాదని ఒక్కర్ని ఉంచుకోవడం నా వల్ల కాదు."

"ఒక్క బొమ్మల పుస్తకం చదివే టైమివ్వండి మేడమ్."

"డాక్టరుగారు వచ్చి అంటురోగం కాదని చెప్పినా వినలేదు. ఏనుగు చెప్తే వింటారా?"

"డాక్టరుగారు చెప్తే తలాడించారు. ఏనుగు చెప్తే ఆలోచిస్తారు," అని నవ్వేసి వచ్చింది టీచరమ్మ.

కొత్తమ్మాయికి ఒంటి మీద తెల్లమచ్చలు. మోచేతుల మీద, మెడ మీద, ఒక కన్ను చుట్టూ. అంతకుమించి ఏమీ లేదు. అయినా చేరిన రోజు నుంచీ ఇదే రభస.

వెనక గోడ దగ్గర ఒకర్తె ఒళ్ళో చేతులు ముడుచుకుని, తల వంచుకుని కూర్చుంది. అటూ ఇటూ కుర్చీలు ఖాళీ. కాస్త కదిలిస్తే ఏడ్చేసేలా ఉంది. టీచరమ్మ అటు చూసీ చూడనట్టు పుస్తకం తెరిచింది.

"ఏటి ఒడ్డున ఏనుగుల మంద నీళ్ళు తాగుతోంది. అప్పుడే వచ్చింది ఈ ఏనుగు పిల్ల. చూశారా, చెవుల మీద, తొండం మీద తెల్లమచ్చలు. అది రాగానే మిగతావన్నీ పక్కకి జరిగాయి. ఎందుకని?"

ముందు వరుసలోంచి ఒక చెయ్యి లేచింది. మనుషులకి మనసులో ముద్దుపేర్లు పెట్టుకోవడం టీచరమ్మకి అలవాటు. ఈ చేతికి ఆవిడ పెట్టిన పేరు జూకాలు.

"అంటుకుంటాయని టీచర్. నీళ్ళలో దిగితే ఆ నీళ్ళు అందరికీ తగుల్తాయి కదా."

"అంటుకుంటాయని ఎవరు చెప్పారు?"

జూకాలు తడుముకుంది. "మా అమ్మ చెప్పింది."

"అమ్మకెవరు చెప్పారు?"

"వాళ్ళమ్మ చెప్పి ఉంటుంది."

అందరూ ఘొల్లుమన్నారు. జూకాలు కూడా నవ్వేసింది, కానీ ముఖం కాస్త ఎర్రబడింది.

కిటికీ పక్కనున్న గళ్ళచొక్కాకి నవ్వు రాలేదు. చేతులు కట్టుకుని, "ఏనుగులు వేరు, మనం వేరు టీచర్," అన్నాడు.

"నిజమే. ఏనుగులకి బొమ్మల పుస్తకం అక్కర్లేదు. మనకి కావలసొచ్చింది."

గళ్ళచొక్కా మూతి ముడిచాడు. టీచరమ్మ తర్వాతి పేజీని అరచేత్తో మూసి పట్టుకుంది.

"ఇప్పుడేమవుతుందో మీరే చెప్పండి."

"మచ్చలు పోతాయి," అన్నారెవరో.

"పోవు."

"ఏట్లోంచి మొసలి వస్తుంది. పిల్ల ఏనుగు అందర్నీ కాపాడుతుంది. అప్పుడు దాన్ని కలుపుకుంటారు," అంది జూకాలు ఉత్సాహంగా.

"మొసలి రాకపోతే? పిల్ల ఏనుగు ఎవర్నీ కాపాడకపోతే? దానికి దాహమేసి వచ్చింది, అంతే. అప్పుడు పక్కన నిలబడనివ్వరా?"

టీచరమ్మ చెయ్యి తీసింది. బొమ్మలో పిల్ల ఏనుగు నీళ్ళు తాగుతోంది. దాని పక్కన ఇంకో ఏనుగు నిలబడి తాగుతోంది. మిగతావి దూరంగా నిలబడి చూస్తున్నాయి.

"అయిపోయింది," అంది టీచరమ్మ.

"అదేంటి? ఇదేం కథ టీచర్! ఏమీ జరగలేదు," అన్నాడు గళ్ళచొక్కా.

"ఒక ఏనుగు జరిగింది కదా."

కుర్చీల కిర్రుకిర్రు ఆగిపోయింది. ఇంకో మాట చెబితే పాఠం పాడైపోతుందని టీచరమ్మకి తెలుసు. పుస్తకం మూసి, తాపీగా కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చుంది.

జూకాలు లేచింది. తన కుర్చీ ఎత్తుకుని, ఎవరి ముఖమూ చూడకుండా వెనక గోడ దాకా నడిచింది.

"ఇక్కడ కూర్చోనా?"

వంచిన తల పైకి లేచింది. సరేనన్నట్టు ఊగింది. కళ్ళలోంచి నీళ్ళు జారిపోయాయి.

"భయం పోయిందా?" అడిగింది టీచరమ్మ.

"పూర్తిగా పోలేదు టీచర్," అంది జూకాలు నిజాయితీగా. "కూర్చుంటే పోతుందేమోనని వచ్చాను."

ఆ మాటకి ఇంకో ఇద్దరు ముగ్గురు లేచారు. తర్వాత ఇంకొందరు. కుర్చీలు ఈడ్చిన చప్పుడుకి పెద్ద మేడమ్ గుమ్మంలోకి వచ్చి, చూసి, వెళ్ళిపోయింది. గళ్ళచొక్కా చోటు మారలేదు. కానీ కిటికీకేసి ఉన్న కుర్చీని వెనక్కి తిప్పుకుని, "మీ ఇల్లెక్కడ?" అని అడిగాడు. టీచరమ్మకి ఇవాళ్టికి అది చాలు.

"ఇంటికెళ్ళాక ఈ కథ మీవాళ్ళకి చెప్తారా?"

"చెప్తాం టీచర్," అన్నారందరూ ఒక్క గొంతుతో.

గంట మోగింది.

కొత్తమ్మాయి తల్లితో కబుర్లాడుకుంటూ, మిగతా అమ్మానాన్నలు బుల్లి కుర్చీల్లోంచి లేచి, ఆటస్థలంలో ఉన్న పిల్లల కోసం బయటికి నడిచారు.