మాకేం సంబంధం లేదండి

పొద్దున్నే తొమ్మిదింటికి అప్పారావు తన తాతగారిని గోడ మీంచి దించి బియ్యం డ్రమ్ములో దాచేశాడు.

దాచక చస్తాడా మరి! ఎక్కడో కరీబియన్ సముద్రంలోని ఓ చిన్న ద్వీపం నుంచి డానియెల్ అప్పాజీ అనే మనిషి రామచంద్రపురం వచ్చి లాడ్జిలో దిగాడు. వందేళ్ళ క్రితం తన ముత్తాత అప్పాజీ కూలిపనికి ఓడెక్కి ఆ ద్వీపానికి వెళ్ళిపోయాడట. ఆయన తమ్ముడు పల్లంరాజు తాలూకు వాళ్ళెవరైనా ఉన్నారా అని రెండు రోజులుగా చుట్టుపక్కల ఊళ్ళన్నిటా అడుగుతున్నాడు. ఇవాళ ఈ ఇంటికి వస్తున్నాడని కబురు.

పల్లంరాజంటే డ్రమ్ములోకి వెళ్ళిన తాతగారే. ఆయన బతికున్నన్నాళ్ళూ "సగం తోట మా అన్నదిరా, ఎప్పుడొచ్చినా ఇచ్చెయ్యాలి" అంటుండేవాడు. అన్న రాలేదు. తాత పోయాడు, తండ్రి పోయాడు, రెండెకరాల కొబ్బరితోటా ఒక్క వారసుడైన అప్పారావు చేతికొచ్చింది. హాయిగా తింటున్న వేళ, వాటాదారుడు విమానం దిగాడు.

"మేకు కనబడుతోందండీ" అంది భార్య సంపూర్ణమ్మ.

అప్పారావు ఆ మేకుకి భీమేశ్వరస్వామి బొమ్మున్న పాత క్యాలెండరు తగిలించాడు. క్యాలెండరు తాతగారి ఫొటోకంటే చిన్నది. చుట్టూ గోడ తెల్లగా మిగిలింది. సరే, అంత పట్టి చూసేవాడెవడు అనుకున్నాడు.

డానియెల్ యాభై ఏళ్ళ మనిషి, పొడుగరి. అద్దె కారు దిగుతూనే "బాబాయ్ గారూ!" అంటూ కాళ్ళకి దణ్ణం పెట్టబోయాడు. అతనికొచ్చిన తెలుగు అంతే. ఆ ఒక్క మాటకే అప్పారావు కళ్ళ ముందు తోట నిలువునా రెండు ముక్కలైంది. గబుక్కున కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు.

మిగతాదంతా ఇంగ్లీషే. కోడలు దుర్గాశ్రీ హైస్కూల్లో ఇంగ్లీషు టీచరు కాబట్టి తెలుగులో చెప్పే పని ఆమె మీద పడింది. డానియెల్ ఫోన్లో తన ద్వీపం ఫొటోలు చూపించాడు. తెల్లటి ఇసుక, నాలుగు పడవలు, ఓ చెక్క చర్చి, కొబ్బరిచెట్లు. అంతకుమించి ఏమీ లేదు.

"టికెట్లు తనే తీస్తారంట మావయ్యగారూ, మనందర్నీ ఓసారి రమ్మంటున్నారు. పై ఏడాది అక్కడ ఎయిర్‌పోర్టు వస్తుందంట. ఆ తర్వాత ఎటు చూసినా టూరిస్టులూ హోటళ్ళేనంట. ఈలోపే చూడాలంట."

కాకినాడ బీచి తప్ప వేరే సముద్రం ఎరగని దుర్గాశ్రీ ఈ ముక్క చెబుతూ ఫోన్లో ఆ తెల్లటి ఇసుక ఫొటోని మళ్ళీ వెనక్కి తెచ్చి చూసింది. అప్పారావు ఆమెని వంటింట్లోకి పిలిచాడు.

"టికెట్టు పుచ్చుకున్నామంటే చుట్టరికం ఒప్పుకున్నట్టేనమ్మా. ఇవాళ రండి అంటాడు, రేపు నా తోటేదీ అంటాడు."

"పాపం, అంత ప్రేమగా పిలుస్తున్నారండీ."

"ప్రేమ కాదు, వాటా!"

బయటికొచ్చి గొంతు సవరించుకున్నాడు. "పల్లంరాజా? ఆ పేరు మా వంశంలోనే లేదండి. మాకేం సంబంధం లేదండి."

దుర్గాశ్రీ తల దించుకుని అదే ఇంగ్లీషులో చెప్పింది. బియ్యం డ్రమ్ములోంచి ఎవరూ మాట్లాడలేదు.

డానియెల్ మొహం వాడిపోయింది. మరో రెండుసార్లు బతిమాలాడు. పోనీ ఈ కోడలు పిల్లనైనా పంపండి, మా సముద్రం చూసొస్తుంది అన్నాడు. అప్పారావు రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. ఆఖరికి డానియెల్ కళ్ళు తుడుచుకుని సంచీలోంచి ఓ కాగితం తీశాడు. ఇదే మాట రాసి సంతకం చేసిస్తే ఇక వెతకడం మానేస్తాడట. కాగితం ముందే టైపు చేసి ఉంది, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ.

పల్లంరాజు మా పూర్వీకుడు కాడు. అప్పాజీ కుటుంబంతో మాకు బంధుత్వం లేదు. ఒకరి ఆస్తిలో ఒకరికి ఎప్పటికీ ఏ హక్కూ లేదు.

చివరి వాక్యం అప్పారావు మూడుసార్లు చదివాడు. ఆహా, దేవుడా! ఎగిరి గంతెయ్యాలనిపించింది కానీ, పైకి మాత్రం విచారంగా తలూపాడు. కొడుకు హరిబాబు చేత ఎరువుల కొట్టు కట్టేయించి, కారు తీసేదాకా కూడా ఆగలేక డానియెల్‌ని స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని, తనే దగ్గరుండి నోటరీ దగ్గరికి తీసుకెళ్ళాడు. తండ్రీ కొడుకూ సంతకాలు చేశారు. అడక్కపోయినా వేలిముద్రలు కూడా వేశారు.

తిరిగొచ్చాక డానియెల్ కాఫీ తాగాడు. వెళ్ళబోతూ గోడ మీది క్యాలెండరు ముందు ఆగి, రెండు చేతులూ జోడించి చాలాసేపు నిలబడ్డాడు.

"చర్చికెళ్ళే మనిషైనా ఎంత భక్తో చూశారా" అంది సంపూర్ణమ్మ.

ఆనందం పట్టలేక అప్పారావు తోటలోంచి రెండు బొండాలు దింపించి కారులో పెట్టించాడు. కారు మలుపు తిరగ్గానే తాతగారు మళ్ళీ గోడెక్కారు. అద్దం మీది తవుడు పమిటచెంగుతో తుడుస్తూ దుర్గాశ్రీ ఏడ్చింది. సముద్రం కోసమని అందరూ అనుకున్నారు.

రాజమండ్రి దారిలో డానియెల్ ఓ బొండాం తాగి, కాగితం నలక్కుండా ఫైల్లో పెట్టి, ద్వీపంలో ఉన్న తన లాయరుకి ఫోన్ చేశాడు.

"మీరు చెప్పినట్టే రమ్మని ఎంత బతిమాలితే అంత వెనక్కి జరిగారు" అన్నాడు. "ఇక హోటలు వాళ్ళని పిలవండి. ముత్తాత సముద్రం ఒడ్డున కొన్న నలభై ఎకరాల్లో సగం, ఎప్పటికైనా వస్తాడని తమ్ముడు పల్లంరాజు పేరున రాసిపెట్టాడు కదా, ఆ తమ్ముడి తాలూకు వాళ్ళెవరూ ఇక్కడ లేరట."