మూడో ట్రే

చంద్రిక పిన్ని గాజువాకలో ఒక కాలేజీ ల్యాబులో పరీక్ష కోసం పెంచే వరి మొలకలకు నీళ్లు పోస్తుంది. ఆమెకు జ్వరం రావడంతో ఈ రాత్రి నేను వెళ్లాను.

"మూడో ట్రేకి ఉప్పునీల్లే పొయ్యే. జాలిపడి మంచినీల్లు పోసీగలవు, జాగర్త! తేడా వత్తే సారు నన్ను పనిలోంచి తీసేత్తాడు" అంది.

ఉప్పుకీ అల్ట్రావయొలెట్ లైటుకీ ఆ మొలకల కొనలు మాడిపోయాయి. మా ఊళ్లో వరికి ఉప్పునీళ్లు పెట్టడం పాపం. మంచినీళ్లే పోశాను.

మట్టి ఒక్క చుక్క కూడా తాగలేదు. నీళ్లు పైనే నిలిచాయి. పొద్దున సారు చూస్తే పిన్ని పని పోతుందని ఏడుపొచ్చింది. కన్నీటిచుక్క ఒకటి ట్రేలో పడగానే మట్టి చప్పున పీల్చుకుంది.

కిటికీలన్నీ మూసే ఉన్నాయి. అయినా ఆకులు గరగరలాడాయి. లైటు వైపు ఒరిగి ఉన్న మొలకలన్నీ మెల్లగా నా కళ్లవైపు తిరిగాయి.