కోడికి మెమో

సూపర్నెంటు గారు రిటైరైన పన్నెండో రోజున, ఆయన భార్య దగ్గర బట్టలు కుట్టించుకునే ఒకావిడ ఇక ఈ గుమ్మం తొక్కనని చెప్పి వెళ్లిపోయింది. నడుం దగ్గర ఇంకో రెండంగుళాలు వదిలితే తప్ప పట్టదని ఆవిడ మొహం మీదే సలహా ఇచ్చింది ఈయనే.

అప్పటికే దారపు ఉండలన్నిటికీ నంబర్లు పడ్డాయి. బొత్తాలు సైజుల వారీగా సీసాల్లోకి వెళ్లాయి. ఏ బొత్తాం కావాలన్నా చీటీ రాసిస్తేనే ఇస్తానన్నారు ఆయన. అవతల బడి తెరిచేలోగా భార్య నూట యాభై యూనిఫాం చొక్కాలు కుట్టివ్వాలి. గడువు రెండు నెలలు. ఈయన పక్కన కూర్చుంటే రోజుకి ఒక్కటి తెమలడమే గగనమైపోతోంది. ముప్ఫై ఏళ్లుగా కూడగట్టుకున్న మంచి పేరు మట్టిలో కలిసిపోతుందని ఆవిడకి దిగులు పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే పెరట్లో ఉన్న ఐదు కోళ్లలో ఎర్రది పొదుగుడుకి వచ్చింది. గంపలోంచి లేవదు. దగ్గరికెళితే ఈకలు నిక్కబొడుచుకుని గుర్రుమంటుంది. చన్నీళ్లలో ముంచితే అదే దారికొస్తుందని పక్కింటావిడ చెప్పింది. భార్య కాసేపు ఆలోచించి, ముంచొద్దులే, మీ ఇంట్లో పుంజుంది కదా, ఓ తొమ్మిది గుడ్లిప్పించమని అడిగింది.

"ఏవండీ, దీని సంగతి మీరే చూడాలి. నావల్ల కాదు," అంది భర్తతో.

ఆయనకి ప్రాణం లేచొచ్చింది. గంపలో ఊక పోసి సిద్ధం చేశారు. భార్య గుడ్లు లోపల శుభ్రం చేసి తెచ్చిచ్చింది. ఇంకా వెచ్చగా ఉన్నాయే, సరుకు తాజాదే అని మెచ్చుకుని, ఒక్కోదాని మీద పెన్సిలుతో నంబరు వేశారు.

మర్నాటి నుంచి కోడికి హాజరుపట్టీ మొదలైంది. మేతకి ఎప్పుడు లేచింది, ఎప్పుడు తిరిగొచ్చింది. పావుగంట దాటితే ఎర్రసిరా. ఆయన కుర్చీ పెరట్లోకి మారింది. కాఫీ, పేపరు, కళ్లజోడు అన్నీ అక్కడికే వెళ్లాయి. లోపల మిషను గడగడలాడింది. రోజుకి మూడేసి చొక్కాలు తెమిలాయి.

ఏడో రోజున పక్కింటావిడ చెప్పినట్టు గది తలుపులు మూసి, ఒక్కో గుడ్డు వెనక టార్చిలైటు పెట్టి చూశారు. వెలుతురు దూరితే వట్టి గుడ్డు, చీకటిగా ఉంటే లోపల పిల్ల ఉన్నట్టు. తొమ్మిదీ చీకటే. నూటికి నూరు శాతం అని రిజిస్టర్లో రాసి కింద గీత గీశారు. గంపలోకి సర్దబోతుంటే ఐదో నంబరు చేజారి బల్ల మీద బొంగరంలా గిర్రున తిరిగింది. లోపలివాడు మహా హుషారు మనిషని తేల్చారు.

ఇరవై ఒకటో రోజు వచ్చింది, వెళ్లింది. గుడ్లలో ఉలుకూ పలుకూ లేదు.

ఇరవై రెండో రోజు ఉదయం గంపకి ఒక కాగితం అంటించి ఉంది. అప్పగించిన పనిని గడువులోగా పూర్తి చేయనందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇచ్చుకోవలసిందని. కోడి దాన్ని పొడిచి చింపింది. అది ధిక్కారం కింద నమోదైంది.

ఇక పారేయమంది పక్కింటావిడ. భార్య మాత్రం తొందరపడొద్దని, కోడి లేచినప్పుడు గుడ్లు చల్లారితే ఆలస్యమవుతుంటుందని, ఇంకో వారం చూద్దామని నచ్చజెప్పింది. వారమూ గడిచింది. పగలగొట్టి విచారణ చేస్తానని ఆయన పట్టుబట్టారు. ఆ ఘోరం మీరు చూడలేరంటూ భార్యే గుడ్లన్నీ ఎత్తుకెళ్లి గోడవారన పాతిపెట్టింది.

ఆయన నిజంగానే కుంగిపోయారు. అన్నం సగంలో వదిలేసి లేచారు.

"ముప్ఫై ఆరేళ్ల సర్వీసులో నా దగ్గర ఒక్క ఫైలూ ఇలా మురిగిపోలేదోయ్. ఈ కోళ్లు నాకొద్దు. రేపట్నుంచి నీ పక్కనే కూర్చుంటా. ఆ బొత్తాల లెక్క ఏమైందో ఏమో."

భార్య చేతిలో మిషను చక్రం ఆగిపోయింది. ఇంకా అరవై చొక్కాలున్నాయి.

"బాతు గుడ్లు కూడా కోడి కింద పెడతారట. ఇరవై ఎనిమిది రోజులు పడుతుందట. కాకపోతే మహా జాగ్రత్తగా చూడాలట. మీకు కుదురుతుందో లేదో," అంది మెల్లగా.

ఆయన నిటారుగా కూర్చున్నారు. తనకి కుదరకపోవడమేమిటన్నారు. కోడి మీదున్న పాత కేసు మూసేసి, దానికి ఇంకో అవకాశం ఇస్తున్నట్టు ప్రకటించి, కొత్త రిజిస్టరుకి గీతలు కొట్టడం మొదలుపెట్టారు.

ఆవిడ పక్కింటికెళ్లి పది బాతు గుడ్లు తెచ్చి, కిందటిసారిలాగే స్టవ్ మీద పావుగంట ఉడకబెట్టి, తడి తుడిచి, ఆయన చేతిలో పెట్టింది.